లోడు పెంచితే కోర్‌లో ఫ్లక్స్ పెరుగుతుందా? ట్రాన్స్‌ఫార్మర్, కప్లింగ్, హమ్ గురించి వివరంగా

మీరు అడిగినవి మూడు. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైండింగ్‌లు (తీగ చుట్టలు) ఒకదాన్నొకటి తాకకుండానే పవర్ ఎలా దాటుతుంది, సెకండరీ (పవర్ బయటికి ఇచ్చే వైండింగ్) మీద లోడు పడిన సంగతి ప్రైమరీకి (మెయిన్స్‌కి కలిపే వైండింగ్‌కి) ఎలా తెలుస్తుంది, ఇక మీ ప్రీయాంప్ (చిన్న ఆడియో సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న బోర్డుకి హమ్ (మెయిన్స్ నుంచి వచ్చే గుయ్యిమనే శబ్దం) ఎక్కుతోంది, అల్యూమినియం రేకు చుట్టినా తగ్గలేదు, ఎందుకు. మధ్యలో ఇంకో మాట కూడా రాశారు, "ఓవర్‌లోడ్ చేస్తే కోర్ సాచురేట్ అయిపోతుందట కదా" అని. ముందు దాన్నే పట్టుకుంటాను. సాచురేట్ అవడం అంటే కోర్ (వైండింగ్‌లు చుట్టిన ఇనుము) ఇంక ఎక్కువ అయస్కాంతత్వం పట్టలేని స్థితికి రావడం. ఓవర్‌లోడ్ వల్ల అలా అవుతుందనడం తప్పు, పైగా ఏళ్ల తరబడి వైండింగ్ పని చేసినవాళ్లు కూడా నమ్మే తప్పు, దాన్ని సరిచేసుకుంటే మీ మొదటి రెండు ప్రశ్నలూ దాదాపు వాటంతటవే విడిపోతాయి.

కోర్‌లో ఎంత ఫ్లక్స్ (అందులోంచి పోయే మొత్తం అయస్కాంత క్షేత్రం) ఉండాలో తేల్చేది ప్రైమరీకి మీరిచ్చే వోల్టేజి, దాని ఫ్రీక్వెన్సీ, ప్రైమరీ చుట్ల సంఖ్య. అంతే, ఆ జాబితాలో లోడు లేదు. లోడు పెంచితే కోర్‌లో ఫ్లక్స్ పెరగదు, నిజానికి కొద్దిగా తగ్గుతుంది. ఎందుకో అంకెలతో సహా చెబుతాను, దానికి ముందు కాస్త వెనక్కి వెళ్లాలి.

తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ చూపించాడు. అయితే అయస్కాంతం నుంచి కరెంటు పుట్టించలేమా అన్నది ఆ తర్వాత పదకొండేళ్లు ఎవరికీ అంతు చిక్కలేదు. 1831 ఆగస్టు 29న ఫారడే ఒక ఇనుప రింగు తీసుకుని, ఒక సగం మీద ఒక కాయిల్, రెండో సగం మీద ఇంకో కాయిల్ చుట్టి, ఒకదానికి బ్యాటరీ ఇచ్చి, రెండోదాని తీగని అయస్కాంత సూది మీదుగా తీసుకెళ్లాడు. బ్యాటరీ కలిపిన క్షణంలో సూది ఒకసారి ఊగి మళ్లీ తన చోటికి వచ్చేసింది. బ్యాటరీ అలా కలిసి ఉన్నంతసేపూ కరెంటు బోలెడంత పారుతున్నా సూదిలో చలనం లేదు. బ్యాటరీ తీసేసిన క్షణంలో మళ్లీ ఊగింది, ఈసారి ఎదురు దిక్కుకి. అంటే అవతలి కాయిల్‌లో వోల్టేజి పుట్టాలంటే ఫ్లక్స్ ఉంటే చాలదు, అది మారుతూ ఉండాలి. ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి, ఎన్ని చుట్లుంటే అన్ని రెట్లు. ట్రాన్స్‌ఫార్మర్ డీసీ మీద పని చేయకపోవడానికి కారణం మొత్తం ఇందులోనే ఉంది.

ఇలా ఒక సర్క్యూట్‌లో కరెంటు మారితే పక్క సర్క్యూట్‌లో వోల్టేజి పుట్టడాన్ని అన్యోన్య ప్రేరణ అంటాం. దానికొక కొలత ఉంది: ఒకదాంట్లో కరెంటు సెకనుకి ఒక ఆంపియర్ చొప్పున మారినప్పుడు రెండోదాంట్లో ఒక వోల్టు పుడితే వాటి మధ్య అన్యోన్య ప్రేరకత్వం ఒక హెన్రీ. ఒకటోదాన్నుంచి రెండోదానికి ఈ విలువ ఎంతో, రెండోదాన్నుంచి ఒకటోదానికీ సరిగ్గా అంతే, ఒకటి వందల చుట్ల కాయిలూ ఇంకోటి ఒంటి తీగ లూపూ అయినా సరే. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు, కానీ లెక్కలోనూ కొలతలోనూ అలాగే వస్తుంది. ఒక కాయిల్ ఫ్లక్స్‌లో ఎంత వాటా రెండోదానిలోంచి పోతోందో చెప్పేది కప్లింగ్ గుణకం, సున్నా నుంచి ఒకటి వరకూ ఉంటుంది. మంచి మూసిన కోర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో 0.99 దాటుతుంది, కోర్ లేకుండా గాలిలో పక్కపక్కన పెట్టిన కాయిళ్లలో దానికి చాలా దిగువన ఉంటుంది, వాటిని కొంచెం పక్కకి జరిపితే ఇంకా పడిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ప్రైమరీ పుట్టించిన ఫ్లక్స్ సెకండరీలోంచే పోదు కదా, ముందు ప్రైమరీలోంచే పోతుంది. కాబట్టి ప్రైమరీలో కూడా అదే లెక్కన వోల్టేజి పుడుతుంది, మీరిచ్చిన మెయిన్స్‌కి ఎదురుగా. దీన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటాం. మెయిన్స్ 230 వోల్టులు తోస్తుంటే, తీగ నిరోధంలో పోయే కాస్త పక్కన పెడితే, బ్యాక్ ఈఎంఎఫ్ కూడా 230 దగ్గరే ఉండి తీరాలి. ఆ 230 పుట్టాలంటే కోర్‌లో ఫలానా అంత ఫ్లక్స్ ఊగాలి, తక్కువైతే కుదరదు, ఎక్కువైతే కుదరదు. ప్రైమరీ ఆ ఫ్లక్స్‌కి ఎంత కరెంటు కావాలో అంత లాగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాన్నే వాడతాను. మధ్య కాలు 10 చదరపు సెంటీమీటర్లున్న ఈ-ఐ స్టాంపింగులు (E, I అక్షరాల ఆకారంలో కోసిన కోర్ రేకులు), ఫ్లక్స్ సాంద్రత గరిష్ఠంగా 1.2 టెస్లా పెట్టుకుందాం, 50 హెర్ట్జ్. సూత్రం మీకు తెలిసే ఉంటుంది: ఒక చుట్టుకి వచ్చే వోల్టేజి = 4.44 × ఫ్రీక్వెన్సీ × గరిష్ఠ ఫ్లక్స్. ఫ్లక్స్ 0.0012 వెబర్, కాబట్టి చుట్టుకి 0.266 వోల్టు, తిప్పి చెబితే టర్న్స్ పర్ వోల్ట్ 3.75. ప్రైమరీకి 863 చుట్లు, 12 వోల్టుల సెకండరీకి 45 చుట్లు (లోడు మీద పడిపోయేదానికి రెండు మూడు చుట్లు అదనంగా వేస్తారు, ఇక్కడ లెక్క సులువు కోసం 45 అనే ఉంచుతాను). ఈ 0.266 వోల్టు అన్నది ఆ కోర్ చుట్టూ మీరు ఏ తీగ తిప్పినా వస్తుంది, ప్రైమరీ అయినా, సెకండరీ అయినా, ఊరికే ఒక చుట్టు తిప్పిన టెస్ట్ వైరు అయినా. తెలియని ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే నేను చేసే మొదటి పని అదే, బయటి నుంచి కోర్ కిటికీలో (వైండింగ్ కూర్చునే ఖాళీలో) సందు ఉంటే ఇన్సులేటెడ్ వైరు పది చుట్లు తిప్పి, వచ్చిన వోల్టేజి చూసుకుంటే ఏ వైండింగ్‌కి ఎన్ని చుట్లున్నాయో విప్పకుండానే తెలిసిపోతుంది.

ప్రైమరీకి 0.4 మిల్లీమీటర్ల ఎనామెల్ వైరు, సగటున చుట్టు పొడవు 16 సెంటీమీటర్లు అనుకోండి. మొత్తం 138 మీటర్ల పైచిలుకు, నిరోధం 19 ఓంలు. ఏసీ మీద లోడు లేనప్పుడు ఇలాంటిది లాగేది 50 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో ఉంటుంది, కోర్‌ని అయస్కాంతీకరించడానికి చాలినంత. అదే 230 వోల్టుల డీసీ ఇస్తే? ఫ్లక్స్ ఒకసారి ఎక్కి నిలబడిపోతుంది, మారదు, బ్యాక్ ఈఎంఎఫ్ సున్నా, ఇక ఎదురు నిలిచేది ఆ 19 ఓంలే. 12 ఆంపియర్లు, 2700 వాట్లకు పైగా వేడి, అదీ ఫ్యూజు లేకపోతే. పొగ రావడానికి ఎంతో సేపు పట్టదు.

సరే, ఇప్పుడు సెకండరీకి 6 ఆంపియర్ల లోడు తగిలించండి. 45 చుట్లలో 6 ఆంపియర్లు, అంటే 270 ఆంపియర్-టర్న్స్. లెంజ్ 1834లో చెప్పిన నియమం ప్రకారం ఈ కరెంటు తనని పుట్టించిన ఫ్లక్స్ మార్పుకి అడ్డుపడే దిక్కులోనే పారుతుంది, అంటే కోర్‌లో ఫ్లక్స్‌ని అణగదొక్కాలని చూస్తుంది. ఫ్లక్స్ రవ్వంత తగ్గగానే బ్యాక్ ఈఎంఎఫ్ తగ్గుతుంది, మెయిన్స్ మాత్రం 230 దగ్గరే ఉంది, ఆ తేడా వల్ల ప్రైమరీలోకి కరెంటు ఎక్కువగా వస్తుంది. ఎంతవరకూ వస్తుంది? సెకండరీ తోస్తున్న 270 ఆంపియర్-టర్న్స్‌కి సరిసమానంగా ఎదురు తోసేవరకూ. 270ని 863తో భాగించండి, 0.31 ఆంపియర్. త్రాసులో ఒక పళ్లెంలో ఎంత బరువు పడితే రెండో పళ్లెంలో అంత పడాల్సిందే, ముల్లు మాత్రం మధ్యలోనే ఉంటుంది; ఆ ముల్లు ఫ్లక్స్. సెకండరీలో 12 వోల్టులు × 6 = 72 వాట్లు, ప్రైమరీలో 230 × 0.31 = మళ్లీ అదే 72 దగ్గర. ప్రైమరీకి "తెలియడం" అంటూ వేరే ఏమీ లేదు, ఇద్దరూ ఒకే ఫ్లక్స్‌ని పట్టుకుని ఉన్నారు, ఒకరు లాగితే రెండోవాళ్ల చేతికి తగులుతుంది.

ఫ్లక్స్ తగ్గుతుందన్నాను కదా, ఎంత తగ్గుతుందో కూడా చూడండి. 0.31 ఆంపియర్ 19 ఓంలలో పారితే 5.9 వోల్టులు తీగలోనే పోతాయి. బ్యాక్ ఈఎంఎఫ్ 224 ఉంటే చాలు, అంటే ఫుల్‌లోడ్ మీద కోర్‌లో ఫ్లక్స్ ఖాళీగా ఉన్నప్పటి కంటే సుమారు 2.6 శాతం తక్కువ. రెండు రెట్లు ఓవర్‌లోడ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. ఓవర్‌లోడ్‌లో చచ్చేది రాగి, ఇనుము కాదు. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగు రెట్లు, ఎనామెల్ మాడుతుంది, కథ ముగుస్తుంది, అప్పటికీ కోర్ మాత్రం సాచురేషన్‌కి ఇంకాస్త దూరంగానే ఉంటుంది.

మరి సాచురేషన్ నిజంగా ఎప్పుడు వస్తుంది? వోల్టేజి పెరిగినప్పుడు. ఫ్రీక్వెన్సీ తగ్గినప్పుడు, 60 హెర్ట్జ్‌కి బొటాబొటిగా చేసినదాన్ని అదే వోల్టేజితో 50 మీద నడిపితే ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది, ఖాళీగా ఉన్నా కాలుతుంది. చుట్లు తక్కువ వేసినప్పుడు, ఇది రాగి మిగుల్చుకోవడానికి చేసే పని, చవక ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేకుండానే వేడెక్కి రొద చేసేది అందుకే. లోడు వల్ల వచ్చే సందర్భం కూడా ఒకటుంది, హాఫ్ వేవ్ రెక్టిఫైయర్ (ఏసీలో ఒక అరసైకిల్‌నే వాడుకుని డీసీ చేసే సర్క్యూట్). అది సెకండరీలోంచి ఒకే దిక్కులో సగటు కరెంటు లాగుతుంది, డీసీని ప్రైమరీ సర్దలేదు, కోర్ ఒక పక్కకి ఒరిగిపోతుంది. రెండు అరసైకిళ్లనూ వాడుకునే నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెడితే ఆ బాధ ఉండదు.

ఇంకోటి స్విచ్ వేసిన క్షణం. ఫ్లక్స్ వోల్టేజి వెనకాలే పోగవుతూ పోతుంది. సరిగ్గా వోల్టేజి సున్నా దాటే క్షణంలో స్విచ్ పడిందనుకోండి, మొదటి అరసైకిల్ మొత్తం ఒకే దిక్కులో పోగై ఫ్లక్స్ మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాకా వెళ్లాలని చూస్తుంది, మన ఉదాహరణలో 2.4 టెస్లా. సిలికాన్ స్టీలు 2 టెస్లా దగ్గరే చేతులెత్తేస్తుంది. ఆ కాస్త సేపు ప్రైమరీ దాదాపు ఉత్త తీగలా ప్రవర్తించి, ఫుల్‌లోడ్ కరెంటుకి ఎన్నో రెట్లు లాగి, కొన్ని సైకిళ్లలో సర్దుకుంటుంది. పోయినసారి ఆపినప్పుడు కోర్‌లో మిగిలిన అయస్కాంతత్వం అదే దిక్కులో ఉంటే ఇంకా ఎక్కువ. వోల్టేజి శిఖరం మీద ఉన్నప్పుడు స్విచ్ పడితే ఇది దాదాపు ఉండదు. జీరో క్రాసింగ్ సాలిడ్ స్టేట్ రిలేలు (వోల్టేజి సున్నా దాటేటప్పుడే కలిపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) హీటర్లకి బాగుంటాయి కానీ ట్రాన్స్‌ఫార్మర్ ముందు పెట్టకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే, అవి ప్రతిసారీ ఏరికోరి చెడ్డ క్షణంలోనే కలుపుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి టైమ్ డిలే ఫ్యూజు వేయడం కూడా ఈ ఒక్క పోటు కోసమే.

చరిత్రలో కూడా ఈ విషయం దగ్గరే మలుపు తిరిగింది. 1880లలో గోలార్డ్, గిబ్స్ అనే ఇద్దరు తెరిచి ఉన్న కోర్లతో చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల ప్రైమరీలను సిరీస్‌లో కలిపి వాడేవారు, ఒకచోట దీపాలు ఆర్పితే మిగతాచోట్ల వోల్టేజి మారిపోయేది. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ ముగ్గురూ మూసిన కోర్ చేసి ప్రైమరీలను పారలల్‌గా కలిపారు. పారలల్‌లో ప్రతి ప్రైమరీ మీదా వోల్టేజి స్థిరం, కాబట్టి ప్రతి కోర్‌లో ఫ్లక్స్ స్థిరం, కాబట్టి ఒకరి లోడు ఇంకొకరికి తగలదు. మరుసటి ఏడాది అమెరికాలో గ్రేట్ బారింగ్టన్‌లో విలియం స్టాన్లీ అదే పద్ధతిలో ఊరికి దీపాలు వెలిగించాడు.

వోల్టేజి స్థిరంగా లేకుండా కరెంటు స్థిరంగా ఉంటే ఏమవుతుందో చూడాలంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని చూడండి. 100కి 5 సీటీ అంటే మధ్యలోంచి పోయే కేబులే ఒక చుట్టు ప్రైమరీ, సెకండరీ 20 చుట్లు. ప్రైమరీలో 100 ఆంపియర్లు పారాలా వద్దా అన్నది ఆ కేబుల్ చివరనున్న మోటారు చేతిలో ఉంది, సీటీ చేతిలో లేదు. మామూలుగా సెకండరీలో 5 ఆంపియర్లు పారుతూ 100 ఆంపియర్-టర్న్స్‌ని అటు 100, ఇటు 100గా సరిపెడుతుంది, కోర్‌లో మిగిలేది నామమాత్రం. మీటరు మార్చాలని సెకండరీ వైరు ఊడదీశారనుకోండి, ఎదురు తోసేవాళ్లు లేరు, ఆ 100 ఆంపియర్-టర్న్స్ మొత్తం కోర్‌ని అయస్కాంతీకరించడానికే పోతాయి, కోర్ ప్రతి అరసైకిల్‌కీ ఈ చివర నుంచి ఆ చివరకి సాచురేట్ అవుతూ, సున్నా దాటే ఆ కొద్ది క్షణంలో ఫ్లక్స్ విపరీతమైన వేగంతో మారుతుంది. టెర్మినళ్ల మీద వందల నుంచి వేల వోల్టుల శిఖరాలు వస్తాయి, మనిషిని చంపగలవు. సీటీ సెకండరీని ముందు షార్ట్ చేసి, ఆ తర్వాతే మీటరు ఊడదీయాలి. వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్‌కి షార్ట్ చేయడం ప్రమాదం, సీటీకి తెరవడం ప్రమాదం.

లామినేషన్ల గురించి ఎక్కువ చెప్పను. కోర్ కూడా లోహమే కాబట్టి మారే ఫ్లక్స్ అందులోనూ కరెంట్లు (ఎడ్డీ కరెంట్లు) పుట్టిస్తుంది, ఇనుప దిమ్మ పెడితే అదే మందపాటి షార్ట్ అయిన సెకండరీ. అందుకే అర మిల్లీమీటరు, ఇంకా పలచని సిలికాన్ స్టీలు రేకులు ఒకదానికొకటి ఇన్సులేట్ చేసి పేరుస్తారు. మందం సగం చేస్తే ఎడ్డీ నష్టం నాలుగో వంతుకి పడుతుంది. వందల కిలోహెర్ట్జ్‌లో రేకులు కూడా చాలవు, ఫెరైట్ (కరెంటు అంతగా పారని అయస్కాంత సిరామిక్) వాడాలి. ఫ్రీక్వెన్సీ పెరిగితే లాభం ఎంతో మాత్రం చూడండి: 1 చదరపు సెంటీమీటరు ఫెరైట్, 0.2 టెస్లా, 100 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ అయితే చుట్టుకి 8 వోల్టులు వస్తాయి, పదో వంతు కోర్‌తో ముప్పై రెట్లు. అరచేతిలో పట్టే చార్జర్లు సాధ్యమైంది అలా.

షార్ట్ అయిన చుట్టు గురించి మాత్రం కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే రిపేర్‌లో అందరినీ తిప్పలు పెట్టేది అదే. మన ప్రైమరీలో పక్కపక్కనున్న రెండు చుట్ల మధ్య ఎనామెల్ ఊడిందనుకోండి. ఆ ఒక్క చుట్టు 0.266 వోల్టుల సెకండరీ అయిపోయింది, నిరోధం 0.022 ఓం, పారేది 12 ఆంపియర్లు. 0.31 ఆంపియర్లు మోయాల్సిన సన్న తీగలో 12 ఆంపియర్లు, అంటే మామూలు కంటే 1500 రెట్ల వేడి ఆ 16 సెంటీమీటర్లలో, మూడు వాట్ల పైన. మల్టీమీటరుతో ఇది దొరకదు, 19 ఓంలలో 0.02 ఓం తేడాని ఏ మామూలు మీటరు చూపిస్తుంది? మెయిన్స్ నుంచి అదనంగా లాగేది కూడా 14 మిల్లీఆంపియర్లే. కానీ ఆ వేడికి పక్క చుట్టు ఎనామెల్, దాని పక్కది, చివరికి లేయర్‌కి లేయర్ మధ్య కాగితం కాలి వంద చుట్లు ఒక్కసారిగా లూప్ అయిపోతే 300 వాట్లు దాటుతుంది. అందుకే కొత్తగా చుట్టినదాన్నీ అనుమానం ఉన్నదాన్నీ నేరుగా మెయిన్స్‌కి పెట్టకండి, సెకండరీ ఖాళీగా వదిలేసి 60 వాట్ల ఫిలమెంటు బల్బు సిరీస్‌లో ఇవ్వండి (ఎల్ఈడీ బల్బు పనికిరాదు). బాగున్నదైతే వేయగానే బల్బు ఒక్కసారి తళుక్కుమని ఆరిపోతుంది, ఫిలమెంటు మహా అయితే కనీకనబడనట్టు ఎర్రగా ఉంటుంది. లేయర్ షార్ట్ ఉంటే ధగధగా వెలుగుతూనే ఉంటుంది. ఒకటి రెండు చుట్లే షార్ట్ అయితే బల్బు పట్టించదు, అప్పుడు ఖాళీగా అరగంట వదిలి, ప్లగ్ తీసేసి, వైండింగ్ మీద ఒకేచోట వేడిగా ఉందా, వార్నిష్ మాడే వాసన ఉందా చూడాలి.

ఇక మీ హమ్. కోర్ ఎంత బాగున్నా కొంత ఫ్లక్స్ రెండు వైండింగ్‌ల మధ్య ఖాళీలోంచి, గాలిలోంచి పక్కదారి పడుతుంది, అదే లీకేజీ. కోర్‌లోని ఫ్లక్స్‌లా ఇది స్థిరంగా ఉండదు, లోడు కరెంటుతో పాటు పెరుగుతుంది. లోపల ఇది సిరీస్‌లో పెట్టిన చిన్న కాయిల్‌లా పని చేస్తుంది, ఫుల్‌లోడ్ మీద వోల్టేజి కొంత దిగడానికి ఒక కారణం, షార్ట్ సర్క్యూట్ కరెంటుకి ఒక హద్దు కూడా ఇదే (ఇంపిడెన్స్, అంటే ఏసీకి లోపలి మొత్తం అడ్డు, 5 శాతం ఉన్నది షార్ట్ అయితే ఫుల్‌లోడ్ కరెంటుకి 20 రెట్లు పారుతుంది). వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్లలో కావాలనే ఎక్కువ పెడతారు, ఆర్క్ తగిలినప్పుడు కరెంటు అదుపులో ఉండాలని. మీ పెట్టెలో మాత్రం అది శత్రువు. ఇన్‌పుట్ వైరు, దాని గ్రౌండ్ వైరు మధ్య ఖాళీ ఉంటే అదొక ఒంటి చుట్టు సెకండరీ, మీరు చుట్టకుండానే చుట్టిన సెకండరీ.

ఎంత వస్తుందో అంచనా వేద్దాం. 10 ఆంపియర్ల తీగ నుంచి ఒక సెంటీమీటరు దూరంలో, దానికి సమాంతరంగా 10 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు లూప్ ఉంటే అన్యోన్య ప్రేరకత్వం సుమారు 14 నానోహెన్రీలు. 50 హెర్ట్జ్ దగ్గర లూప్‌లో పుట్టేది 43 మైక్రోవోల్టులు. చాలా చిన్నది అనిపిస్తుంది, కానీ ఆ లూప్ మీ ప్రీయాంప్ ఇన్‌పుట్ అయి, గెయిన్ వెయ్యి ఉంటే అవతల 43 మిల్లీవోల్టుల హమ్. అదే లూప్ పక్కన స్విచింగ్ సప్లై తీగ ఉండి 10 ఆంపియర్లు 100 నానోసెకన్లలో మారితే ఎకాఎకిన 1.4 వోల్టులు, డిజిటల్ బోర్డుకి దొంగ పల్స్ కొట్టడానికి చాలు. కరెంటు అంతే, లూప్ అంతే, మారే వేగం ఒక్కటే తేడా.

రేకు ఎందుకు పని చేయలేదంటే, మారే అయస్కాంత క్షేత్రాన్ని రాగి, అల్యూమినియం లాంటివి ఆపేది తమలో పుట్టే ఎడ్డీ కరెంట్ల ద్వారా. 50 హెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో స్కిన్ డెప్త్ (క్షేత్రం బాగా బలహీనపడటానికి కావలసిన లోతు) 12 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. అంత నెమ్మది మార్పుకి సన్నటి రేకు అడ్డే కాదు. గ్రౌండ్ చేసిన రేకు విద్యుత్ క్షేత్రాన్ని, అంటే కెపాసిటివ్ కప్లింగ్‌ని ఆపుతుంది, మీ సమస్య అది కాదు కాబట్టి తేడా రాలేదు. ఒక జాగ్రత్త: రేకు గానీ రాగి పట్టీ గానీ ట్రాన్స్‌ఫార్మర్ మొత్తానికి బయటినుంచి, కోర్‌నీ వైండింగ్‌నీ కలిపి చుట్టొచ్చు, చాలా ఈ-ఐ ట్రాన్స్‌ఫార్మర్ల మీద కనిపించే రాగి పట్టీ అదే, బయటికి పోయే ఫ్లక్స్‌ని కొంత అణుస్తుంది. కోర్ కిటికీలోంచి దూర్చి మాత్రం చుట్టకండి, అది ఇందాకటి షార్ట్ చుట్టు అవుతుంది.

ముందు ఏ రకం కప్లింగో తేల్చుకోండి. ఇన్‌పుట్ సాకెట్ దగ్గర సిగ్నల్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేయండి. హమ్ దాదాపు పోతే అది కెపాసిటివ్, షీల్డ్ పని చేస్తుంది. అలాగే ఉంటే లూప్‌లోకి అయస్కాంతంగా వస్తోంది లేదా గ్రౌండ్ వైరులో వస్తోంది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు విప్పి, వైర్లు కాస్త పొడవు చేసి, 90 డిగ్రీలు తిప్పి చూడండి (ప్రతిసారీ ప్లగ్ తీసి, ప్రైమరీ జాయింట్లు ఇన్సులేట్ చేసి). తిప్పితే హమ్ మారిందంటే అయస్కాంత కప్లింగ్ ఖాయం, తిప్పుతూ పోతే ఒక స్థానంలో బాగా పడిపోతుంది, అక్కడే బిగించండి. దూరం కూడా బాగా ఉపయోగపడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ సైజుతో పోలిస్తే దూరంగా ఉన్నప్పుడు క్షేత్రం దూరం ఘనంతో తగ్గుతుంది, రెట్టింపు దూరానికి ఎనిమిదో వంతు. లూప్ వైశాల్యం తగ్గించడం అన్నిటికంటే చవకైన మందు: ఇన్‌పుట్ వైరునీ దాని గ్రౌండ్‌నీ మెలిపెట్టండి, పక్కపక్క మెలికల్లో పుట్టే వోల్టేజీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సెకండరీ నుంచి బ్రిడ్జికి వెళ్లే రెండు వైర్లని కూడా మెలిపెట్టండి, వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ ఆనుకుని ఉంటే బయట క్షేత్రం మిగలదు. క్లాంప్ మీటరులో రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా చూపించేది ఇందుకే. ఇంత చేసినా చాలకపోతే అప్పుడు టొరాయిడ్‌కి (గాజు ఆకారపు రింగు కోర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి) మారండి, దాని బయటి ఫ్లక్స్ చాలా తక్కువ. ము-మెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి లాక్కునే మిశ్రలోహం) డబ్బా ఖరీదైన చివరి మార్గం, ముందే దాని జోలికి పోవద్దు.

చెవితో కూడా కొంత తెలుస్తుంది. నున్నగా, లోతుగా ఉండే 50 హెర్ట్జ్ శబ్దమైతే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. స్పీకరు తీసేసినా ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములోంచే వినపడేది 100 హెర్ట్జ్ రొద, కోర్ ప్రతి అరసైకిల్‌కీ సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేది, వార్నిష్ సరిగ్గా పట్టించి బోల్టులు బిగిస్తే తగ్గుతుంది, ఆంప్‌తో సంబంధం లేదు. స్పీకరులోంచి గరగరమని 100 హెర్ట్జ్ వస్తుంటే అది బ్రిడ్జి తర్వాతి ఫిల్టర్ కెపాసిటర్‌కి వెళ్లే చార్జింగ్ పల్సులు మీ సిగ్నల్ గ్రౌండ్ వైరులోంచి పోతున్నాయని అర్థం. దానికి ట్రాన్స్‌ఫార్మర్ తిప్పినా లాభం లేదు, బ్రిడ్జి మైనస్‌ని నేరుగా కెపాసిటర్ మైనస్‌కి తెచ్చి, ప్రీయాంప్ గ్రౌండ్‌ని ఆ కెపాసిటర్ కాలు దగ్గర నుంచి విడి వైరుతో తీసుకోండి.